ఫింగర్‌స్టైల్ గిటారు నేర్చుకోవడం, దానితో బతకడం: తిరుపతి, చిత్తూరు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

తిరుపతిలో గిటారు పాఠాలు చెబుతూ, వీలు దొరికినప్పుడల్లా వేదిక మీద ఒంటరిగా వాయిస్తూ ఉంటాను. విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, చిత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో ఫోను చేసేవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. తొందరలో చెప్పిన జవాబు సగమే చేరుతుంది కాబట్టి ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

ఫింగర్‌స్టైల్ అంటే ఏమిటి? మామూలు గిటారుకూ దీనికీ తేడా ఏమిటి?

వాయిద్యం ఒకటే, వాయించే తీరు వేరు. మనం ఎక్కువగా చూసే పద్ధతిలో ఎడమ చేయి కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) పడుతుంది, కుడి చేతిలోని పిక్ (మీటే చిన్న బిళ్ల) తీగలన్నిటినీ కలిపి మీటుతుంది, పాట వేరొకరు పాడతారు. ఫింగర్‌స్టైల్‌లో పాడేవాళ్లు ఉండరు. బొటనవేలు లావు తీగల మీద లయ నడుపుతుంది. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు సన్న తీగల మీద పాట వరసను పలికిస్తాయి. ఈ రెండింటి మధ్య మిగిలిన చోటును తోడు స్వరాలు నింపుతాయి. కొందరు గిటారు పెట్టె మీద అరచేత్తో, వేళ్లతో కొట్టి తాళవాద్యాన్ని కూడా కలుపుతారు.

ఈ పద్ధతికి మూలపురుషులు ఎవరు? ఎవరిని వినాలి?

ముందుగా మెర్ల్ ట్రావిస్ (1917–1983). అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బొగ్గు గనుల ప్రాంతంలో పెరిగాడు. బొటనవేలు రెండు లావు తీగల మధ్య అటూ ఇటూ నడుస్తుంటే, చూపుడువేలు ఒక్కటే పైన పాట పలికించడం అతని పద్ధతి. నేటికీ దాన్ని ట్రావిస్ పికింగ్ అనే అంటారు. చెట్ అట్కిన్స్ (1924–2001) అతన్ని రేడియోలో మాత్రమే విన్నాడు. చేతిని చూసే అవకాశం లేక, ఇంత సంగీతం రావాలంటే ఇన్ని వేళ్లు కావాలి అనుకొని బొటనవేలితో పాటు మరిన్ని వేళ్లు వాడి సొంత పద్ధతి తయారు చేసుకున్నాడు. గురువు దగ్గరలో లేరని దిగులుపడే పిల్లలకు నేను మొదట చెప్పే కథ ఇదే. వినికిడి శ్రద్ధగా ఉంటే దూరం అడ్డు కాదు.

ఆస్ట్రేలియాలో 1955లో పుట్టిన టామీ ఇమాన్యుయేల్ చిన్నప్పుడే కుటుంబ బృందంతో ఊరూరా తిరిగి వాయించాడు. స్వరలిపి చదవడం రాదు. అయినా 1999లో చెట్ అట్కిన్స్ చేతుల మీదుగా ‘సర్టిఫైడ్ గిటార్ ప్లేయర్’ బిరుదు అందుకున్నాడు. అతను వాయిస్తుంటే బొటనవేలిని మాత్రమే చూడండి. పై వేళ్లు ఎంత ఉరికినా అది తడబడదు.

జాన్ ఫాహే, లియో కొట్కే, మైఖేల్ హెడ్జెస్‌లది మరో దారి. వీళ్లు పాటకు తోడుగా ఉండే గిటారును సొంత రచనల వాయిద్యంగా మార్చారు. హెడ్జెస్ (1953–1997) రెండు చేతులతోనూ మెట్ల (గిటారు మెడ మీది ఫ్రెట్ల) మీద తట్టి స్వరాలు పుట్టించిన తీరు ఆ తరువాతి తరాన్ని మార్చేసింది. అతని ప్రభావంలో ఎదిగిన ఆండీ మెక్కీ వీడియో 2006లో ఇంటర్నెట్‌లో లక్షల మందికి చేరింది. మన దేశంలో ఢిల్లీకి చెందిన ధ్రువ్ విశ్వనాథ్‌ను వినండి.

అమెరికా జానపద గిటారిస్టు ఎలిజబెత్ కాటెన్ పేరు మాత్రం మరిచిపోవద్దు. ఎడమచేతి వాటం వల్ల మామూలు గిటారునే తలకిందులుగా పట్టుకునేది. దాంతో లావు తీగలు వేళ్లకు, సన్న తీగలు బొటనవేలికి వచ్చాయి. చాలా ఏళ్లు గిటారు ముట్టకుండా ఇళ్లలో పనిచేసి, అరవై దాటాక మళ్లీ పట్టుకొని, తొంభై దాటాక గ్రామీ అవార్డు అందుకుంది.

ఏ వయసులో మొదలుపెట్టాలి?

ఎనిమిదేళ్లు నిండితే వేళ్లకు సరిపడా బలం వస్తుంది. అంతకన్నా చిన్నపిల్లలకు నైలాన్ తీగల చిన్న గిటారు ఇవ్వండి. పెద్దవాళ్లకు వయసు పరిమితి లేదు. నా దగ్గరకు బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై వచ్చినవారు ఉన్నారు. కాటెన్ గారి కథ వాళ్ల కోసమే చెబుతాను.

ఎలాంటి గిటారు కొనాలి?

మొదటి గిటారుకు ఎనిమిది నుంచి పదిహేను వేల రూపాయలు పెడితే చాలు. అంతకు బాగా తక్కువ ధరలో దొరికేవాటిలో తీగలు మెట్లకు చాలా ఎత్తులో ఉంటాయి. వేళ్లు నొప్పెట్టి పిల్లలు మానేస్తారు, తప్పు తమదే అనుకుంటారు. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే హాయిగా ఉంటుంది. ఇంకో విషయం, మెడ పైభాగంలో తీగలు ఆనే నట్టు వెడల్పు చూడండి. 43 మిల్లీమీటర్లది పిక్‌తో వాయించేవాళ్లకు సరిపోతుంది. వేళ్లతో మీటేవారికి 44.5 ఉంటే తీగల మధ్య వేళ్లు ఇరుక్కోవు.

రెండో గిటారు కొనేటప్పుడు పైపలక ఒకే చెక్కతో చేసినదా, ప్లైవుడ్డా అని అడగండి. ధ్వని చాలావరకు పైపలక నుంచే వస్తుంది. ఆ సంగతి నిరూపించడానికే స్పెయిన్ గిటారు శిల్పి ఆంటోనియో దె తోరెస్ 1862లో వెనుక పలక, పక్కలు కాగితపు గుజ్జుతో చేసి, పైపలకకు మాత్రం మంచి చెక్క వాడి ఒక గిటారు తయారు చేశాడు.

ఎర్రచందనంతో గిటారు చేయించుకోవచ్చా?

శేషాచలం కొండల నీడలో ఉండేవాళ్లం కాబట్టి ఈ ప్రశ్న రావడం సహజం. ఎర్రచందనానికి సంగీతంతో సంబంధం లేకపోలేదు. జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాద్యం మెడకు ఈ చెక్కను ఎంతో విలువైనదిగా చూస్తారు. గిటారు పైపలకకు మాత్రం ఇది పనికిరాదు, చాలా బరువు. పైపలకకు స్ప్రూస్, సెడార్ వంటి తేలికైన చెక్కలు కావాలి. పైగా ఎర్రచందనం 1995 నుంచి అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందపు (సైటిస్) రెండో అనుబంధంలో ఉంది. అటవీ శాఖ అనుమతి పత్రాలు లేని ముక్కను ఇంట్లో పెట్టుకోవడమే నేరం. ఎవరైనా తక్కువ ధరకు ఇప్పిస్తామంటే ఆ మాట అక్కడితో ఆపేయండి.

దక్షిణ భారత చెక్క కావాలనుకుంటే రోజ్‌వుడ్ ఉంది. బ్రెజిల్ తన రోజ్‌వుడ్ దుంగల ఎగుమతిని ఆపాక, అమెరికాకు చెందిన మార్టిన్ కంపెనీ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. ప్రపంచంలోని ఎన్నో మంచి గిటార్ల వెనుక పలకలు మన దక్షిణాది అడవుల చెక్కే.

రోజుకు ఎంతసేపు సాధన చేయాలి? మొదట ఏమి నేర్చుకోవాలి?

ముప్పావు గంట, కానీ రోజూ. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే వేళ్లకు అలవాటు నిలవదు.

మొదటి నెల బొటనవేలికే ఇస్తాను. ఐదో తీగ, నాలుగో తీగ, మళ్లీ ఐదు, నాలుగు (లెక్క సన్న తీగ నుంచి). మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి అరవై కొట్టాలి. పక్కవారితో మాట్లాడుతూ కూడా ఆ నడక చెదరకుండా ఉన్నప్పుడే పైతీగల మీద ఒక వేలు చేర్చాలి. ముందు బొటనవేలితో కలిసి పడే స్వరాలు, తరువాత రెండు బొటనవేలి దెబ్బల నడుమ పడే స్వరాలు. ఈ రెండో దశ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు, ఎందుకంటే వేలు దూకగానే బొటనవేలు కూడా దానివెంట పరుగెత్తుతుంది. వేగం సగానికి తగ్గించి రెండు వారాలు ఓపిక పట్టండి. ఈ ఘట్టం దాటినవాళ్లెవరూ మధ్యలో మానేయడం నేను చూడలేదు.

మన పిల్లల్లో చాలామందికి సరళీ స్వరాలు, జంట స్వరాలు ముందే వచ్చి ఉంటాయి. వాటిని పక్కన పెట్టి పాశ్చాత్య అభ్యాసాలతోనే మొదలుపెట్టడం నాకు నచ్చదు. జంట వరసలో ‘సస రిరి గగ మమ’ అన్నప్పుడు ఒక్కో స్వరం రెండుసార్లు వస్తుంది కదా, మొదటిది చూపుడువేలితో, రెండోది మధ్యవేలితో మీటితే కుడిచేతికి కావలసిన వ్యాయామం అదే. అలంకారాలు వాయిస్తూ బొటనవేలితో షడ్జం (స) పట్టి ఉంచితే, తాళజ్ఞానం, వేళ్ల స్వతంత్రం రెండూ ఒకేసారి వస్తాయి.

గిటారు మీద కర్ణాటక సంగీతం నిజంగా వాయించగలమా?

వాయించగలం, హద్దులు తెలుసుకొని. వయొలిన్ కూడా బయటి నుంచి వచ్చినదే, బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి మనదైపోయింది. మన పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌ను కచేరీ వాద్యంగా నిలబెట్టారు. గిటారు మీద సుకుమార్ ప్రసాద్, ఆర్. ప్రసన్న ఆ దారి వేశారు. వారు ఎక్కువగా ఎలక్ట్రిక్ గిటారు మీద, ఒంటి వరసగా గమకాలతో (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) వాయించారు. ఎలక్ట్రిక్ గిటారులో తీగ తేలిగ్గా వంగుతుంది, స్వరం చాలాసేపు నిలుస్తుంది. స్టీల్ తీగల అకౌస్టిక్ గిటారులో మీటిన స్వరం త్వరగా కరిగిపోతుంది, తీగ లాగడమూ కష్టమే. అందువల్ల తోడి వంటి గమక ప్రధాన రాగాలను ఆరంభంలో ముట్టుకోవద్దంటాను. మోహనం, హంసధ్వని, మధ్యమావతి ఈ వాద్యానికి చక్కగా ఒదుగుతాయి.

శ్రుతి విషయంలో ఒక అందమైన సంగతి ఉంది. మామూలు శ్రుతిలో తీగలు లావు నుంచి సన్నానికి, పాశ్చాత్య స్వరాల పేర్లతో, ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఇంగ్లండ్ గిటారిస్టు డేవీ గ్రాహం 1960లలో ప్రచారంలోకి తెచ్చిన మరో శ్రుతి డి, ఎ, డి, జి, ఎ, డి. దీన్ని డాడ్‌గాడ్ అంటారు. డి స్వరాన్ని షడ్జంగా తీసుకోండి. తీగలు వరసగా స, ప, స, మ, ప, స అవుతాయి. ఇవన్నీ మధ్యమావతి స్వరాలే. ఏ తీగను మెట్టు నొక్కకుండా వదిలేసినా రాగం చెడదు. బొటనవేలు కిందనే తంబూరా ఉన్నట్టు లావు తీగలు స, ప, స మోగుతూ ఉంటాయి. మోహనానికి మధ్యమం లేదు కాబట్టి మూడో తీగను జి నుంచి ఒక మెట్టు దించి ఎఫ్ షార్ప్ చేయండి. ఇప్పుడు స, ప, స, గ, ప, స. మోహనం, హంసధ్వని రెండింటికీ ఈ ఏర్పాటు సరిపోతుంది. ఐర్లండ్ జానపదాలకు ఎంతో ఇష్టమైన శ్రుతి మన రాగానికి ఇంత హాయిగా అమరడం నాకు ఇప్పటికీ ఆనందమే.

అయితే గిటారు గురువు ఒక్కరే చాలరు. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల మన ఊళ్లోనే ఉంది. కొంతకాలం గాత్రం నేర్చుకోండి. గొంతులో పలకని గమకం వేలి కొసకు రాదు.

అన్నమయ్య కీర్తన వాయించి ఇంటర్నెట్‌లో పెడితే కాపీరైటు ఇబ్బంది వస్తుందా?

తిరుపతిలో గిటారు పట్టిన ప్రతివారూ ఏదో ఒకనాడు అన్నమయ్య దగ్గరకు వస్తారు. ఆయన (1408–1503) సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. కానీ తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరు చెక్కారు, స్వరం చెక్కలేదు. మనం నేడు వింటున్న వరసల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) మొదలుకొని ఎందరో ఆ పని చేశారు. మన చట్టంలో సంగీత రచన మీద హక్కు స్వరకర్త జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. గిటారు మీద మాటలు ఉండవు, వరస ఒక్కటే ఉంటుంది. అంటే మీరు వాయిస్తున్నది సరిగ్గా హక్కు ఉన్న భాగమే. వరస ఎవరిదో కనుక్కోండి, అనుమతి తీసుకోండి, పేరు రాయండి. లేదా రాగిరేకు మీద ఉన్న రాగాన్ని ఆధారం చేసుకొని కొత్త వరస కట్టండి, అది మీదవుతుంది. త్యాగరాజు (1767–1847) కృతులకు వరసలు కూడా ఆయనవే కాబట్టి ఈ చిక్కు లేదు.

సినిమా పాటలు వాయిస్తే వీడియోను సాధారణంగా తీసేయరు, కానీ ప్రకటనల డబ్బు ఆడియో కంపెనీకి వెళ్తుంది.

గోళ్లు పెంచాలా?

కుడిచేతికి కొద్దిగా. వేలి కొసను దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు. స్టీల్ తీగలకు గోళ్లు అరుగుతాయి, విరుగుతాయి. కచేరీకి ముందు విరిగితే పింగ్‌పాంగ్ బంతి ముక్కను గోరు ఆకారంలో కత్తిరించి అడుగున అతికించుకోవడం గిటారిస్టులకు పాత అలవాటే. వ్యవసాయం, మెకానిక్ పని చేసేవాళ్లకు గోరు నిలవదు. వారు వేలి కండతోనే మీటవచ్చు, ఆ నాదం మరింత మెత్తగా ఉంటుంది.

చేయి నొప్పి వస్తోంది. కొనసాగించవచ్చా?

ఎడమచేతి వేళ్ల కొసల్లో మంట అయితే మూడు నాలుగు వారాల్లో చర్మం గట్టిపడి తగ్గుతుంది. మణికట్టులో, ముంజేతిలో నొప్పి, తిమ్మిరి అయితే ఆ రోజే ఆపి వైద్యులకు చూపించండి. పంటి బిగువున వాయించడం గొప్ప కాదు. లియో కొట్కే కుడిచేతి స్నాయువులు దెబ్బతిని, 1980ల ఆరంభంలో తన పాత పద్ధతి వదిలి వేళ్లతో మృదువుగా మీటే పద్ధతి మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. ప్రతి ఇరవై నిమిషాలకు చేతులు దించండి. భుజాలు చెవుల వైపు లేస్తున్నాయేమో అద్దంలో చూసుకోండి.

మన ఎండలకు గిటారు పాడవుతుందా?

అవుతుంది. చెక్కకు 45 నుంచి 55 శాతం గాలి తేమ అనుకూలం. మే నెలలో మన దగ్గర పగలు నలభై డిగ్రీలు దాటి గాలి ఎండిపోతుంది, ఈశాన్య రుతుపవనాల కాలంలో అదే గాలి చెమ్మగిల్లుతుంది. ఈ రెండింటి మధ్య పలక కుంచించుకుపోతుంది, ఉబ్బుతుంది. ఆరు స్టీల్ తీగలు కలిసి దాదాపు డెబ్బై కిలోల బరువుతో బ్రిడ్జిని (పైపలక మీద తీగలు బిగించే చెక్కను) లాగుతుంటాయి. కొండ కింద ఎండలో నిలిపిన కారులో గిటారు వదిలితే జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోతుంది. గోడకు వేలాడదీయకుండా పెట్టెలో ఉంచండి. వేసవిలో చిల్లుల సబ్బుపెట్టెలో తడి స్పాంజి ముక్క వేసి గిటారు ఉంచే పెట్టెలోనే పెడితే సరిపోతుంది.

ఇది వృత్తిగా పనికొస్తుందా? ఇంటిల్లిపాదీ బతకగలమా?

తల్లిదండ్రులు అసలు అడగదలచుకున్నది ఇదే. కచేరీల డబ్బుతోనే బతికే ఫింగర్‌స్టైల్ గిటారిస్టులు ప్రపంచంలోనే తక్కువ. మిగతావారి ఆదాయం నాలుగైదు చోట్ల నుంచి వస్తుంది, అందులో బోధన పెద్ద వాటా. తిరుపతిలో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర వరకు పాఠాలకు గిరాకీ బాగుంది. రాత్రి, తెల్లవారుజామున విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పవచ్చు. వాళ్ల తల్లిదండ్రులకు తెలుగులో, మన స్వరాలతో చెప్పే గురువు కావాలి. ఇక్కడే మనకు పెద్ద నగరాల వారికన్నా మేలు.

ముహూర్తాల కాలంలో పెళ్లి రిసెప్షన్లు వస్తాయి. అతిథులు భోంచేస్తూ మాట్లాడుకుంటుంటే వెనుక మెల్లగా రెండు గంటలు వాయించాలి. తెలుగు పాటలతో పాటు ఇళయరాజా పాటలు తప్పక రావాలి. చిత్తూరు వైపు సగం మంది అతిథులు తమిళంలోనే అడుగుతారు. ఆయన కూడా గిటారిస్టే, లండన్ ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటారు పరీక్షలో ఉత్తీర్ణులు. ఎవరూ వినడం లేదని చిన్నబుచ్చుకోవద్దు. రెండు గంటలు తప్పులేకుండా వాయించే సత్తువ అక్కడే వస్తుంది. సగం డబ్బు ముందే తీసుకోండి, సౌండు ఎవరిదో ముందే అడగండి.

సొంత రచనలు చేసేవారు రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసి పెట్టే ఐపీఆర్‌ఎస్ సంస్థలో స్వరకర్తగా సభ్యత్వం తీసుకోవాలి. ప్రసారాల నుంచి వచ్చే రాయల్టీ మొదట్లో టీ ఖర్చుకే సరిపోవచ్చు, కానీ రచనలు పెరిగేకొద్దీ అది ఏళ్ల తరబడి వస్తుంది. ఆకాశవాణి ఆడిషన్‌లో ఇచ్చే గ్రేడు కూడా విలువైనదే.

మొదటి ఐదేళ్లు మరో చిన్న ఆదాయం పక్కన ఉండాలని నా గట్టి అభిప్రాయం. డబ్బు తొందరలో ఉన్నవాడు అడిగిన ప్రతి పాటా వాయిస్తాడు, తన పాట ఎప్పటికీ కట్టలేడు.

సర్టిఫికెట్ ఉండాలా?

కచేరీకి అవసరం లేదు. పాఠశాలలో సంగీత ఉపాధ్యాయుడిగా చేరాలంటే ట్రినిటీ లేదా రాక్‌స్కూల్ పరీక్షా సంస్థల గ్రేడ్లు ఉపయోగపడతాయి. ఎనిమిదో గ్రేడు వరకు ఉంటాయి.

మా అబ్బాయి ఇంటర్‌లో చేరుతున్నాడు. రెండేళ్లు ఆపమంటారా?

పూర్తిగా ఆపవద్దు. హాస్టల్లో గిటారు ఒప్పుకోకపోతే సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాయించనివ్వండి, మిగతా రోజుల్లో విననివ్వండి. ఇంట్లో ఉండి చదివేవారికి రాత్రి పావుగంట చాలు. ఆ పావుగంట వల్ల ర్యాంకు పోయిన పిల్లవాడిని నేను చూడలేదు.

చెన్నై, బెంగళూరు వెళ్లిపోవాలా?

స్టూడియోల్లో సినిమా పని చేయాలంటే వెళ్లాలి. సోలో గిటారిస్టుకు అక్కర్లేదు. ఉదయం రైలు ఎక్కితే చెన్నైలో పని చూసుకొని రాత్రికి ఇల్లు చేరవచ్చు. అద్దెకు పోయే డబ్బు మంచి మైకుకు పెట్టండి.

ఇంట్లో రికార్డు చేయడం ఎలా?

ఒక కండెన్సర్ మైకు (చిన్న ధ్వనినీ పట్టేది), ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె), పరుపులూ దుప్పట్లూ ఉన్న గది. మైకును ధ్వనిరంధ్రానికి ఎదురుగా పెట్టవద్దు, లావు స్వరాలు మరీ ఎక్కువగా మోగుతాయి. పన్నెండో మెట్టుకు ఎదురుగా, జానెడు దూరంలో పెట్టండి. మన వీధుల్లో రాత్రి పదకొండు తరువాత, తెల్లవారుజామున నాలుగు లోపల మాత్రమే నిశ్శబ్దం దొరుకుతుంది. ఫ్యాను ఆపక తప్పదు.

మొదటి సోలో కచేరీకి సిద్ధమయ్యానని ఎలా తెలుస్తుంది?

నలభై నిమిషాలు కాగితం చూడకుండా వాయించగలిగితే, మధ్యలో తప్పు వస్తే బొటనవేలు ఆగకుండా ముందుకు సాగగలిగితే సిద్ధమే. ఎనిమిది రచనలు ఎంచుకోండి, శ్రుతులు మాత్రం రెండుకు మించనివ్వకండి. మామూలు శ్రుతిలోవన్నీ ముందు, డాడ్‌గాడ్‌లోవన్నీ తరువాత పెట్టుకుంటే ఒక్కసారే శ్రుతి మార్చాలి. ఆ మార్చే నిమిషంలో రాగం గురించి శ్రోతలకు రెండు మాటలు చెప్పండి. తిరుపతి శ్రోతకు రాగం పేరు చెబితే చెవి తెరుచుకుంటుంది. తీగలు కచేరీకి రెండు రోజుల ముందే మార్చండి, అదే రోజు వేసిన కొత్త తీగ సాగుతూ శ్రుతి తప్పుతుంది. పికప్ (గిటారు ధ్వనిని స్పీకరుకు పంపే పరికరం) బ్యాటరీ కొత్తది వేసుకొని, మరొకటి జేబులో ఉంచుకోండి.